అత్తయ్యతో వైన్ టూరు

ఇటలీ పల్లెల్లో వైన్, చీజ్ టూరు అనగానే అందరూ టస్కనీ పేరే చెబుతారు. మేం ఎమీలియాకి వెళ్ళాం. పార్మా, రెజ్జో ఎమీలియా, మోదెనా ఊళ్ళున్న ఈ ప్రాంతం ఫోటోలకి పెద్దగా పనికిరాదు. చదునైన నేల, పశువుల గడ్డి పొలాలు, పాల ట్యాంకర్లు, వేసవిలో ఉక్కపోత. తిండి దగ్గరికొస్తే మాత్రం దీని ముందు ఎవరూ నిలవరు. పార్మిజానో చీజు, బాల్సమిక్ వెనిగర్, లాంబ్రుస్కో వైను, మూడూ ఇక్కడివే. జర్మనీలో మేముండే మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ దాటి దిగితే ఒక పూట ప్రయాణం.

ప్రైవేటు కారు మాట్లాడుకోవడానికి కారణం మా అత్తయ్య. గుంటూరు దగ్గర పల్లెటూరి నుంచి వేసవికి మా దగ్గరికొచ్చారు. మోకాళ్ళు సహకరించవు. మామయ్య పోయాక నీచు మానేశారు, గుడ్డు కూడా ముట్టరు. పది మందితో బస్సు టూరుకి వెళ్తే ఇవన్నీ ఎవరికి చెప్పుకుంటాం? అందుకని మా షరతులన్నీ టూరువాళ్ళకి ముందే రాసి పంపాను: మాంసం వద్దు, మెట్లు తక్కువ ఉండాలి, రొట్టెలో పంది కొవ్వు కలపకూడదు. ఈ చివరిది రాయకపోతే చిక్కే. అక్కడ పిండి కలిపేటప్పుడే పంది కొవ్వు వేసే అలవాటుంది.

వైన్ సంగతి మాత్రం అత్తయ్యకి చెప్పలేదు. "చీజు ఎలా చేస్తారో చూద్దాం రామ్మా" అన్నారు మా ఆయన, అంతే. ఆమె వస్తున్నారంటే మా ఇంట్లో జరిగే మొదటి పని, హాల్లో షెల్ఫు మీదున్న సీసాలు కింద సెల్లార్‌లోకి దిగడం. ఆమె విమానం ఎక్కాక మళ్ళీ పైకొస్తాయి. పిల్లలకి ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే తంతు. నేను తాగను గానీ సీసాలు మోయడంలో నాకూ వాటా ఉంది.

పొద్దున్నే చీజు చేసే చోటికి వెళ్ళాం. పొద్దున వెళ్ళకపోతే చూడ్డానికేమీ ఉండదు. పని రోజుకొక్కసారే, తెల్లవారుజామున మొదలవుతుంది. ఆవులకి ఆదివారం తెలియదు కాబట్టి వీళ్ళకీ సెలవుండదు. దారిలో ఒక పశువుల కొట్టం దగ్గర తలపాగా కట్టుకున్న పెద్దాయన ట్రాక్టరు మీద కనిపిస్తే మా పాప ఎగిరి గంతేసింది. ఈ చుట్టుపక్కల కొట్టాల్లో పనిచేసేవాళ్ళలో పంజాబీ సిక్కులు చాలామంది ఉన్నారనీ, నొవెల్లారా ఊళ్ళో 2000లోనే పెద్ద గురుద్వారా కట్టుకున్నారనీ మా గైడ్ చెప్పింది. "అయితే ఇటలీ చీజుకి పాలు పితికేది మనవాళ్ళా?" అని పాపకి ఆశ్చర్యం. మ్యూనిక్ బడిలో ఇండియా అంటే కంప్యూటర్లని విన్న పిల్ల మరి.

లోపల గంటని తిరగేసి నిలబెట్టినట్టుండే రాగి బానలు వరసగా ఉన్నాయి. ఒక్కోదానిలో వెయ్యి లీటర్లకి పైగా పాలు. రాత్రి పాలు వెడల్పాటి తొట్లలో పోసి ఉంచితే తెల్లారేసరికి మీగడ పైకి తేలుతుంది. ఆ మీగడ తీసేసి, పొద్దున పితికిన పాలు అలాగే కలుపుతారు. నిన్నటి చీజు తీయగా మిగిలిన పులిసిన తేటని బకెట్టుతో తెచ్చి బానలో పోస్తుంటే, ఎవరూ చెప్పకుండానే అత్తయ్య అనేశారు: "తోడు వేస్తున్నాడు." తర్వాత రెన్నెట్ పోస్తారు. పది నిమిషాల్లో పాలు గడ్డకడతాయి. ఆ గడ్డని తీగల బుట్టలాంటి సాధనంతో గోధుమ గింజంత పలుకులుగా చిదిపి, 55 డిగ్రీల దాకా వేడిచేస్తారు. పలుకులన్నీ అడుక్కి దిగి ముద్దకడతాయి. ఇద్దరు మనుషులు ఆ ముద్దని గుడ్డతో పైకి లాగి, కత్తితో రెండుగా కోసి, మళ్ళీ గుడ్డల్లో వేలాడదీశారు. ఒక బానకి రెండు చక్రాలు. ఒక్కోటి ఆరిపోయాక నలభై కిలోల దాకా తూగుతుంది. దానికి పట్టే పాలు సుమారు 550 లీటర్లు.

రెన్నెట్ దగ్గరే వచ్చింది తంటా. గైడ్ ఇంగ్లీషులో చెబుతుంటే పాప నానమ్మకి తెలుగులో చెబుతోంది. అక్కడ టక్కున ఆగి నావైపు తిరిగి జర్మన్‌లో అడిగింది, ఇది నానమ్మకి చెప్పాలా అని. నానమ్మకి తెలియకూడని మాటలన్నీ మా పిల్లలు జర్మన్‌లోనే మాట్లాడుకుంటారు. ఆ అలవాటు మేం చేసిందే. మా ఆయన కూడా జర్మన్‌లోనే, వదిలెయ్, చీజంటే పాలే కదా అనుకుని తినేస్తుంది, ఎందుకొచ్చిన గొడవ అన్నారు. పదహారేళ్ళ మావాడు మాత్రం తెలుగులో, అందరికీ వినపడేలా అన్నాడు.

"అబద్ధం చెప్పమంటావా నాన్నా?"

"ఏంట్రా అబద్ధం?" అన్నారు అత్తయ్య.

ఇక దాచేదేముంది. నేనే చెప్పాను. "పాలు గడ్డకట్టడానికి వేసేది దూడ పొట్టలోంచి తీస్తారు అత్తయ్యా. మాంసానికి కోసిన దూడది."

ఆమె కాసేపు బాన వైపే చూశారు. కోప్పడతారేమో, బయటికి వెళ్ళిపోతారేమో అని నాకు ఒకటే టెన్షన్. ఆమె అడిగింది వేరు. "మగదూడేనా?"

ఎక్కువగా అంతేనంది గైడ్. పాలకోసం పెంచే చోట మగదూడలకి పనిలేదు, మాంసానికి వెళ్తాయి.

"మన దగ్గర మాత్రం ఏం చేస్తున్నారు?" అన్నారు అత్తయ్య, నాతో కాదు, పిల్లలతో. "గేదెకి దున్నదూడ పుడితే దానికి పాలు వదలరు. కడుపు ఎండబెడతారు. నాలుగు రోజులకి అదే పోతుంది. వీళ్ళు కోస్తామని చెప్పి కోస్తున్నారు."

"మనింట్లో గేదెలకి కూడానా నానమ్మా?" అంది పాప.

"మనింట్లో కూడా."

పాప ముఖం మాడిపోయింది. పదేళ్ళ పిల్లకి ఇదంతా అవసరమా అని నాకు గొంతుదాకా వచ్చింది. కానీ ఆ పిల్లే కదా అడిగింది. పైగా నేనైతే అంత సూటిగా చెప్పగలిగేదాన్ని కాదు. మనది పవిత్రమైన తిండి, వాళ్ళది కాదు అని పిల్లలకి నూరిపోసే పెద్దవాళ్ళని ఇక్కడి మన సంఘాల్లో చాలామందిని చూశాను. గేదెల్ని మేపిన మనిషి అలా అనలేదు.

రుచి చూసే బల్ల దగ్గర పన్నెండు నెలలది, ఇరవై నాలుగు నెలలది, ముప్పై ఆరు నెలలది వరసగా పెట్టారు. పాతబడేకొద్దీ పంటికింద చిన్న పలుకుల్లా కరకరమంటుంది. అత్తయ్య పళ్ళెం పక్కకి జరిపి పియర్ పండు తీసుకున్నారు. "ఇన్నాళ్ళూ తెలియక తిన్నది తిన్నాను. తెలిసి తినను. మీరు తినండి" అన్నారు. గైడ్ పాపం రికోట్టా అనే మెత్తటి చీజు తెచ్చి పెట్టింది. అది కూడా ఈ తేటతో చేసేదేగా అని మావాడు లాయరులా గుర్తుచేశాడు. పాప ఆ పూట చీజు ముట్టలేదు. రాత్రి హోటల్లో పాస్తా మీదికి మాత్రం తురుము అడిగింది. నేనేమీ అనలేదు.

చీజు ఆరబెట్టే గోదాము అత్తయ్యకి బాగా నచ్చింది. ఇంటి కప్పుదాకా చెక్క అరలు, అరల నిండా చక్రాలు. 2012 భూకంపంలో ఇలాంటి అరలే పేకల్లా కూలాయట. ఏడాది నిండాక పరీక్షించేవాడొచ్చి చిన్న సుత్తితో చుట్టూ కొట్టి చప్పుడు వింటాడు. లోపల బోలు ఉన్నట్టు వినిపిస్తే ముద్ర పడదు. ఈ చక్రాలు తాకట్టు పెట్టుకుని అప్పిచ్చే బ్యాంకు కూడా ఉందని విని, "మన మిర్చి కోల్డ్ స్టోరేజీ బాండ్లే కదా" అని వడ్డీ ఎంతో అడగమన్నారు. గైడ్‌కి తెలియదు.

వెనిగర్ ఇల్లు మోదెనా శివార్లలో. ద్రాక్షరసం కాచి, చెక్క పీపాల్లో పోసి, అటక మీద పెడతారు. ఎండాకాలం వేడీ, చలికాలం చలీ తగలాలని అటక. ఏడాదికోసారి చిన్న పీపాలోంచి కాస్త తీసి, దాన్ని పక్కనున్న పెద్దదానితో నింపుతారు. కనీసం పన్నెండేళ్ళు ఆగాలి, ఇంకా మేలైనదానికి 25. ఆడపిల్ల పుడితే పీపాల వరస మొదలుపెట్టడం ఇక్కడి పాత ఆచారం. "నాకేం మొదలుపెట్టారు?" అని పాప వెంటనే నిలదీసింది. ఎల్ఐసీ పాలసీ ఉందని వాళ్ళ నాన్న చెబితే అది నచ్చలేదు.

భోజనం కాస్తెల్‌వెత్రో దగ్గర ద్రాక్షతోటలో. లాంబ్రుస్కో ఎర్రగా, నురగతో, చల్లగా తాగే వైను. కొవ్వు తిండి తినే ప్రాంతం కాబట్టి పులుపూ నురగా ఉన్న వైను కావాల్సొచ్చిందట. ఇంటామె సీసా తెచ్చి గ్లాసులు పెట్టేసరికి మా ఆయన కిటికీలోంచి తోటని తెగ పరిశీలిస్తున్నారు. పక్క బల్ల దగ్గర ఒకావిడ వైను నోట్లో తిప్పి చిన్న కూజాలో ఉమ్మేస్తోంది. "ఉమ్మేసేదానికి కొనడం దేనికి?" అన్నారు అత్తయ్య. అదే అదననుకున్నాడేమో, మావాడు మొదలెట్టాడు. జర్మనీలో పదహారేళ్ళకే బీరూ వైనూ కొనుక్కోవచ్చు, తనకి పదహారు నిండాయి, ఒక్క గ్లాసు. ఇటలీలో పద్దెనిమిది నిండాలని ఇంటామె నవ్వుతూ తల అడ్డంగా ఊపి ద్రాక్షరసం పోసింది. వాడు గ్లాసు పక్కనపెట్టి నానమ్మ వైపు తిరిగాడు. వచ్చీరాని తెలుగులో, చాలా మర్యాదగా చెప్పాడు:

"నాన్న కూడా తాగుతాడు నానమ్మా. నువ్వు వచ్చినప్పుడు సీసాలు కింద పెడతారు."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. యాభైకి దగ్గరపడిన మనిషి, పదిహేనేళ్ళ పిల్లాడిలా తల్లి ముందు నేల చూపులు.

అత్తయ్య తిట్టలేదు. "మీ నాన్నకి ఒక మేనమామ ఉండేవాడు, తెలుసా?" అని మావాణ్ణి అడిగారు. వాడికి తెలియదు. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. సారా ప్యాకెట్లు ఊరూరా దొరికే రోజుల్లో ఆమె తమ్ముడు తాగి తాగి రెండెకరాలూ పోగొట్టి, నలభై నిండకుండానే పోయాడు. ఆయన భార్య కూలికి వెళ్ళి పిల్లల్ని సాకింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఆడవాళ్ళ సారా ఉద్యమం పాకినప్పుడు, వాళ్ళ ఊళ్ళో ప్యాకెట్లు రోడ్డు మీద పోసి తగలబెట్టినవాళ్ళలో ఆ మరదలుంది, అత్తయ్యా ఉన్నారు. 1995లో మద్య నిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. "మళ్ళీ షాపు తెరిచిన రోజు ఆ పిల్ల నా దగ్గరికొచ్చి ఏడ్చింది" అన్నారు. "అందుకురా నాకు ఆ సీసా కనపడితే పడదు. దేవుడికి కోపమొస్తుందని కాదు."

మావాడు తర్వాత ఏమీ అడగలేదు. మేం పదహారేళ్ళుగా వాడికి చెప్పింది "తప్పు" అనే. ఎందుకు తప్పో చెప్పలేదు. చెబితే ఇంటి గుట్టు బయటపడుతుందని. పక్కింటి జర్మన్ తాత రోజూ భోజనంతో గ్లాసు వైను తాగి ఎనభై ఏళ్ళకి సైకిలు తొక్కుతుంటే, కారణం లేని "తప్పు" ఆ పిల్లాడి ముందు ఎలా నిలుస్తుంది?

మా ఆయన ఆ భోజనంలో వైను తాగలేదు. "కొన్నావుగా, తాగు. కారు డ్రైవరు నడుపుతున్నాడుగా" అని అత్తయ్యే అన్నారు. అయినా తాగలేకపోయారు.

ఇంటికొచ్చాక మాకు కొత్త గొడవ మొదలైంది. మావాడి క్లాసువాళ్ళు ఈ శరదృతువులో ఎక్కడో పార్టీ పెట్టుకుంటున్నారు, బీరు ఉంటుందని వాడే ముందుగా చెప్పాడు. చట్టం ఒప్పుకుంటోంది, వాడు దాచకుండా చెప్పాడు, ఎంత తాగుతాడో ఎలా ఇంటికొస్తాడో ముందే మాట్లాడుకుని పంపుదామని నేను. పద్దెనిమిది దాకా కుదరదని మా ఆయన, అదీ గ్లాసు చేతిలో పట్టుకుని. మీ మేనమామ సంగతి నాకు ముందే చెప్పుంటే నీ మాట వినేవాణ్ణి అంటాడు మావాడు. పార్టీకి ఇంకా మూడు వారాలుంది.