కట్ట వెనకవైపు

మా ఇంజనీరింగ్ కాలేజీ రీయూనియన్ సంచిక పని చూస్తున్న మిత్రుడు ఫోన్ చేసి, "మెస్ నీళ్ల సాంబారు గురించి ఇప్పటికే ఏడుగురు రాశారు, నువ్వు ఇంకేదైనా రాయరా" అన్నాడు. అందుకని మూడో సంవత్సరం సర్వే క్యాంప్ గురించి రాస్తున్నాను. అందులో నా తప్పొకటి ఉంది. ఎలాగూ బయటపెట్టాలనుకుంటున్నదే.

1986 డిసెంబరు. వరంగల్ దగ్గర ఒక ఊరు, దాని పక్కన చిన్న చెరువు. పాకాల, రామప్ప చెరువుల ముందు అది గుంట కిందే లెక్క. కట్ట పొడవు నాలుగు వందల మీటర్లు ఉంటుందేమో. ఒక చివర మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు), నడుమ తూము, తూము పక్కన వేపచెట్టు కింద కట్ట మైసమ్మ. పొద్దంతా ఎండలో చైన్లు లాగి, సాయంత్రం నాలుగున్నర కాగానే నీళ్లలో దూకేవాళ్లం. క్యాంప్ అంటే నాకిప్పటికీ గుర్తొచ్చేది ఆ ఈతే.

మా గ్యాంగుకు ఇచ్చిన పని కట్ట మీద ఇరవై మీటర్లకోసారి లెవెల్స్ తీయడం, అంటే ఎత్తుపల్లాలు కొలవడం. డంపీ లెవెల్ అనే దుర్భిణి పరికరం దగ్గర నేను, స్టాఫ్ అనే అంకెల కర్ర పట్టుకుని మరో మిత్రుడు. కట్ట నడిమికి వచ్చేసరికి ఒకచోట రీడింగ్ ముప్పై సెంటీమీటర్ల దాకా ఎక్కువ వచ్చింది. సివిల్ కానివాళ్ల కోసం చెబుతున్నా: స్టాఫ్ రీడింగ్ పెరిగిందంటే అక్కడ నేల దిగినట్టు. వీడు స్టాఫ్ ఏ గుంటలోనో పెట్టి ఉంటాడనుకున్నాను. మళ్లీ తీయాలంటే ఈత పోతుంది. ఆ రాత్రి లెవెల్ బుక్కులో ఆ పేజీ మొత్తం తిరగరాసి, అటూ ఇటూ ఉన్న అంకెల మధ్య నుంచి ఒక అంకె వండి పెట్టాను.

మా సారు గ్రాఫ్ చూడగానే పట్టేశారు. "ఇంత సాపుగా ఉంటే ఇది చెరువు కట్ట కాదురా, కట్టుకథ" అన్నారు. నేను తడుముకోకుండా, "స్టాఫ్ సరిగ్గా పట్టుకోలేదు సార్, అందుకే సరిచేశాను" అన్నాను. తిట్లన్నీ వాడికి పడ్డాయి. మార్కులు కూడా వాడికే తగ్గాయి.

మర్నాడు పొద్దున మొహం కడుక్కోవడానికి చెరువు దగ్గరికి పోతే నీరడి తాత కనిపించాడు. తూము తీసి మూసేది ఆయనే. నేను నీళ్లకేసి చూస్తుంటే నవ్వాడు. "నీళ్లనేం జూస్తవ్ బిడ్డా, అవి యాడికి వోతయ్? కట్ట ఎన్కకు నడువు" అని చెయ్యి పట్టుకుని వెనక వాలు దిగించాడు. ఎండ్రకాయల బొరియలు చూపించాడు. నిన్నటికీ ఇవ్వాళ్టికీ ఎక్కడ తడి పెరిగిందో కాలి బొటనవేలితో నొక్కి చూపించాడు. కట్ట కాళ్ల దగ్గర సన్నగా ఊట కారుతుంటే దోసిట్లో పట్టి, "తేటగున్నది, ఫికర్ లేదు. ఎర్రగ వస్తే మన్ను గొట్టుకొస్తున్నట్టు. గప్పుడు ఊరంతా ఉరకాలె" అన్నాడు. తర్వాత పైకెక్కి నడిమి భాగంలో నిలబడ్డాడు. బండ్లు దాటీ దాటీ అక్కడ కట్ట అడుగు మేర అరిగిపోయింది. "మత్తడి ఆడుంది గానీ, పెద్ద వాన వడ్తే నీళ్లు ఈడ్నే దుంకుతయ్. మొరం పోయిమని సర్పంచుకు చెప్పి చెప్పి యాష్టకొచ్చింది" అన్నాడు.

అంటే రీడింగ్ సరైనదే. నాకు తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

తర్వాత అందరిలాగే సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. 2009లో అట్లాంటాకు ఉత్తరాన ఒక కాలనీలో ఇల్లు కొన్నాం. నలభై ఆరు ఇళ్లు, మధ్యలో ఏడెకరాల చెరువు. అరవైల్లో ఎవరో రైతు పశువుల కోసం వేసిన మట్టి కట్టట, ఎత్తు 21 అడుగులు. ఇప్పుడు దాని మీద వాకింగ్ బాట, రెండు బెంచీలు. పిల్లలు చేపలు పడతారు, వేసవిలో చిన్న పడవలు తిరుగుతాయి. చెరువు అందరిదీ, అంటే హెచ్‌ఓఏది, ఇళ్ల యజమానుల సంఘానిది. నిజం చెప్పాలంటే ఎవరిదీ కాదు.

కొన్నేళ్ల వరకు నేనూ బెంచీ మీద కూర్చుని నీళ్లు చూసినవాణ్నే. ఒక నవంబరులో మా అమ్మాయి వాళ్ల స్కూలు పిక్నిక్ టొకోవా జలపాతానికి వెళ్తే తోడు వెళ్లాను. మాకు గంటన్నర దారి. 186 అడుగుల జలపాతం. దాని కింద ఒక బైబిల్ కాలేజీ ఉంది. అక్కడి స్మారక ఫలకం చదివి ఆగిపోయాను. ఇంటికొచ్చాక ప్రభుత్వ దర్యాప్తు నివేదిక తీసి చదివాను.

జలపాతానికి పైన కెల్లీ బార్న్స్ అనే డ్యామ్ ఉండేది. 1899లో కరెంటు కోసం కట్టిన రాళ్లూ దుంగల కట్టడం మీదే తర్వాత మట్టి పోసి, విడతలు విడతలుగా ఎత్తు పెంచారు. 1957లో కరెంటు తీయడం ఆగిపోయింది. అప్పటినుంచి అది కేవలం సరదా చెరువు. పనికొచ్చినన్నాళ్లు చెరువును రోజూ చూసే మనిషి ఒకడుంటాడు. సరదాకు మిగిలాక ఆ మనిషి పోతాడు. వెనక వాలు నిటారుగా ఉంది, దాని మీద చెట్లు పెరిగాయి. 1973లో ఆ వాలు ఒకచోట జారింది కూడా. 1977 నవంబరు 6, అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకు, నాలుగు రోజుల వానల తర్వాత కట్ట తెగింది. కాలేజీ ఆవరణలో నిద్రపోతున్నవాళ్లు, పిల్లలతో సహా 39 మంది చనిపోయారు. తెగడానికి ఇదొక్కటే కారణమని దర్యాప్తువాళ్లు తేల్చలేకపోయారు, చాలా కలిశాయన్నారు. మరుసటి ఏడాదే జార్జియా రాష్ట్రం డ్యామ్‌ల భద్రతకు చట్టం చేసింది. ఎత్తు 25 అడుగులో, నిల్వ వంద ఎకరా అడుగులో (ఎకరంలో అడుగు లోతు నీళ్లు ఒక ఎకరా అడుగు) ఉంటేనే అది వర్తిస్తుంది. మా 21 అడుగుల కట్ట దాని చేతికి అందదు. చూసుకోవాల్సింది మేమే.

మర్నాడు పొద్దున కట్ట వెనకవైపు దిగాను. దిగడానికి దారే లేదు, ముళ్లపొదలు. నడుములోతు గడ్డి, తొడంత లావు పైన్ చెట్లు. ఎండ్రకాయలు లేవు గానీ మస్క్‌రాట్ అనే నీటి ఎలుకల బొరియలున్నాయి. కట్ట కడుపులోంచి వచ్చే ఇనుప రేకు పైపు నోరు తుప్పుపట్టి జల్లెడయింది. దానికి సరిగ్గా పైన వాలు మీద బకెట్టంత గుంట. పైపు చిల్లుల్లోంచి నీళ్లతో పాటు మట్టి పోతోందని దానర్థం. వంగి దోసిట్లో పట్టి చూశాను. తేటగా లేవు.

అసలు గొడవ కాలనీ మీటింగులో మొదలైంది. కట్టను పాడుచేసేది చాలాసార్లు చెరువును ప్రేమించేవాళ్లే. చేపలు బయటికి పోకుండా ఒకాయన సొంత ఖర్చుతో అలుగుకు జాలీ బిగించాడు. దానికి చెత్త పట్టుకుంటే నీళ్లు పోయే దారి మూసుకుపోతుంది. పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ డ్యామ్‌కు శ్రీమంతుల వేట క్లబ్బువాళ్లు ఇదే చేశారని చెప్పాను. వాళ్ల బగ్గీల కోసం కట్ట పైభాగాన్ని కూడా తగ్గించారు. అడుగునుంచి నీళ్లు వదిలే ఇనుప పైపులను అంతకుముందు యజమానే పీకి అమ్ముకున్నాడు. 1889 మే 31న ఆ కట్ట తెగి జాన్స్‌టౌన్ పట్టణంలోనూ చుట్టుపక్కలా 2,209 మంది పోయారు. జాలీ పెట్టినాయన మొహం చూసి, ఇంత చెప్పాల్సింది కాదేమో అనిపించింది. మర్నాడు ఆయనే తీసేశాడు.

కట్ట మీది చెట్లు తీసేయాలన్న దగ్గర ఇంకా టెన్షన్. ఒకావిడ, "నీడ పోతుంది" అని ఏడ్చినంత పని చేసింది. ఇంకొకాయన రంపం తెచ్చేశాడు. అదీ తప్పే. పెద్ద చెట్టు కొట్టి మొద్దు వదిలేస్తే, వేళ్లు కుళ్లి నీళ్లకు సొరంగాలవుతాయి. మొద్దుతో సహా తవ్వి, మంచి మట్టితో పొరలు పొరలుగా దిమ్మిస చేయాలి. అంతకుముందు నీళ్లు దించాలి. దించడమంటే ఒక్కసారిగా కాదు, రోజుకో అడుగు మించకూడదు. తడిసిన లోపలి వాలుకు నీళ్ల ఆసరా హఠాత్తుగా పోతే అది జారుతుంది. మా దగ్గర దించడానికి ఉన్న వాల్వు ఎక్కడుందో ఎవరికీ గుర్తులేదు. దొరికాక తిరగలేదు. చివరికి కట్ట మీదుగా నీళ్లు లాగే సైఫన్ పైపులు వేశారు.

లైసెన్సున్న ఇంజనీరును పెట్టుకున్నాం. పాత పైపులోకి కొత్త పైపు దూర్చి మధ్య ఖాళీలో గ్రౌట్, అంటే పల్చటి సిమెంటు, నింపారు. ఇంటికి 4,200 డాలర్లు పడింది. ఇద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడరు.

ఆ పనిలో నేను సొంతంగా అడిగి చేయించింది ఒకటే, కట్ట పైభాగం లెవెల్స్. ఇంజనీరు ఆటోలెవెల్ పెట్టాడు, స్టాఫ్ నేను పట్టుకున్నాను. వాకింగ్ బాట దాటేచోట తొమ్మిది అంగుళాలు తక్కువ వచ్చింది. అతను తల పైకెత్తి, "స్టాఫ్ గట్టినేల మీదే ఉందా?" అని అడిగాడు. నాకు జవాబివ్వడానికి కాసేపు పట్టింది.

ఆనాటి లెవెల్ బుక్ మీలో ఎవరి దగ్గరైనా ఉంటే చివరి అట్ట లోపల చూడండి. అసలు రీడింగ్ పెన్సిల్‌తో అక్కడ రాసిపెట్టాను. ఇక రీయూనియన్‌కు వస్తావని తెలిసింది కాబట్టి నీకు ముందే చెబుతున్నాను రా: నువ్వు స్టాఫ్ గుంటలో పెట్టలేదు. కట్టే దిగింది.