పేపర్ 2లో 93 నుంచి 134: మా నాన్న కొట్టు ఖాతా లెక్క, నా నేపాల్ పేజీ

సివిల్స్ రిజల్ట్ వచ్చి పదకొండు రోజులైంది. ఆ పీడీఎఫ్ తెరిచి నా పేరు ఎన్నిసార్లు వెతుక్కున్నానో చెప్తే నవ్వుతారు. ర్యాంకు మూడంకెలది, ఏ సర్వీసు వస్తుందో ఇంకా తెలీదు. అయినా నాలుగో అటెంప్టుకి లిస్టులో పేరుంది. మా అమ్మ సగం గాజువాకకి స్వీట్లు పంచేసింది. హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ తమ్ముళ్లూ చెల్లెళ్లూ మాత్రం ఒకటే అడుగుతున్నారు: "అక్కా, పీఎస్‌ఐఆర్ పేపర్ 2లో 93 నుంచి 134కి ఎలా వెళ్లావ్?" పీఎస్‌ఐఆర్ అంటే నేను ఎంచుకున్న ఆప్షనల్: రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక రాస్తున్నాను.

ప్రిలిమ్స్ గురించి నా దగ్గర కొత్త సంగతులేం లేవు. పాత పేపర్లు చేయండి, సీశాట్‌ని (లెక్కలు, రీజనింగ్ పేపర్) చులకనగా చూడకండి. నా మొదటి అటెంప్టు పోయింది సీశాట్‌లోనే, అదీ బీటెక్ చదివి. రెండోది జీఎస్‌లో (జనరల్ స్టడీస్) పోయింది. ఆ రెండు కథలూ ఇంతటితో ఆపేస్తాను, పరువు పోతుంది.

అసలు దెబ్బ మూడోసారి తగిలింది. మెయిన్స్ రాశాను, 14 మార్కుల తేడాతో ఇంటర్వ్యూ పిలుపు పోయింది. మార్కుల షీట్ చూస్తే ఎక్కడ పోయిందో వెతకాల్సిన పని కూడా లేకపోయింది. ఆప్షనల్ పేపర్ 1లో 127, పేపర్ 2లో 93.

అప్పట్లో నా ఐఆర్ (అంతర్జాతీయ సంబంధాలు) ఆన్సర్లన్నీ ఒకే అచ్చు. "శాశ్వత మిత్రులు లేరు, శాశ్వత ప్రయోజనాలే ఉంటాయి" అని మొదలు. కింద దేశాలు అధికారం, ప్రయోజనం కోసమే నడుస్తాయన్న మార్గెంథౌ పేరు, దాని కింద వ్యాపారం లెక్కలు, చివర వే ఫార్వర్డ్. ఏ దేశం పేరిచ్చినా అదే. మెయిన్స్‌కి రెండు నెలల ముందు టెస్ట్ సిరీస్‌లో 20 మార్కుల ప్రశ్న వచ్చింది: 2015 తర్వాత భారత్, నేపాల్ సంబంధాల్లో వచ్చిన మార్పుని జాతీయ ప్రయోజనం అనే భావనతో వివరించమని. నాకు పండగలా అనిపించింది. నేపాల్‌కి మూడు వైపులా మనమే. వాళ్ల వ్యాపారంలో దాదాపు మూడింట రెండు వంతులు మనతోనే. పెట్రోలు, డీజిల్, గ్యాస్ వెళ్లేది ఇండియన్ ఆయిల్ నుంచే. వాళ్ల రూపాయి 1993 నుంచి మన రూపాయికి 1.60 దగ్గర కట్టేసి ఉంది. కాబట్టి ఎన్ని గొడవలు పడ్డా నేపాల్ చివరికి సర్దుకుపోక తప్పదని రాసి, ఒక మ్యాప్ కూడా గీశాను.

6 మార్కులు వచ్చాయి. పక్కన ఎర్ర ఇంకుతో ఒక్క లైను: "ఇందులో ఇండియా ఉంది. నేపాల్ ఎక్కడ?"

నాకు ఒళ్లు మండింది. దిద్దినాయన ఆన్సర్ పూర్తిగా చదవలేదని రూమ్మేట్‌తో గంటసేపు వాదించాను. మెయిన్స్‌లోనూ అదే అచ్చులో దించేశాను. ఫలితం పైన చెప్పాను కదా.

రిజల్ట్ తర్వాత ఇంటికెళ్లి నెల రోజులు పుస్తకం ముట్టలేదు. మా నాన్న ఒక కంటైనర్ యార్డులో సూపర్‌వైజర్. ఒక రాత్రి అన్నం తింటూ "ఇవాళ నేపాల్ పెట్టెలు లోడయ్యాయి" అన్నారు. ఆయన భాషలో పెట్టె అంటే కంటైనర్. విదేశాల నుంచి నేపాల్‌కి వెళ్లే సరుకు విశాఖలో దిగి, సీలు వేసిన కంటైనర్లలో రైలెక్కి నేపాల్ సరిహద్దు ఊరు బీర్‌గంజ్‌కి పోతుంది. 2016 ఫిబ్రవరిలో నేపాల్ ప్రధాని కేపీ ఓలి ఢిల్లీ వచ్చినప్పుడు ఈ దారికి ఒప్పందం కుదిరింది. అంతవరకు వాళ్లకి కోల్‌కతా, హల్దియాలే దిక్కు. మా విశాఖలోనే ఉన్న సంగతి నేను ఏ నోట్సులోనూ రాసుకోలేదు.

"కోల్‌కతా కన్నా రెట్టింపు దూరం కదా నాన్నా, ఎందుకు తిప్పుకోవడం?" అన్నాను. పెద్ద ఓడలు ఇక్కడికి నేరుగా వస్తాయనీ, కోల్‌కతాది నదిలో ఉన్న పోర్టు కాబట్టి లోతు తక్కువనీ చెప్పి, తర్వాత అన్నారు: "అదేటమ్మా, సరుకులన్నీ ఒకే కొట్లో ఖాతా పెట్టుకుంటే ఆ కొట్టాయన చెప్పిందే రేటు కదా. పక్క వీధి కొట్టు దూరమే అనుకో. అక్కడా ఖాతా ఉందని ఈయనకి తెలియాలి."

"వైజాగ్ కూడా ఇండియాయే కదా, కొట్టు ఎక్కడ మారింది?"

"మారలేదు. రెండో గుమ్మం తీయించుకున్నారు."

అప్పుడు మా అమ్మకి మా వీధి గూర్ఖా గుర్తొచ్చాడు. మీ వీధుల్లోనూ ఉండే ఉంటాడు, రాత్రి ఈల వేసుకుంటూ కర్ర కొట్టుకుంటూ తిరిగి, నెల మొదట్లో ఇంటింటికీ డబ్బులకొచ్చే మనిషి. 2015 దీపావళి రోజుల్లో డబ్బులకొచ్చి, ఎప్పుడూ నవ్వే మనిషి మొహం ముడుచుకుని "మీవాళ్లు మాకు గ్యాస్ ఆపేశారమ్మా, మా ఇంట్లో కట్టెల మీద వండుతున్నారు" అన్నాడట. మా అమ్మకి ఏం చెప్పాలో తెలియక కాఫీ ఇచ్చింది. తాగి, పది రూపాయలు తక్కువిచ్చినా అడక్కుండా వెళ్లిపోయాడు. అతని సంపాదనంతా గాజువాకలోనే, ఇంటికి పంపేదీ ఇక్కడి రూపాయలే. నా ఆన్సర్ ప్రకారం అతను సర్దుకుపోవాలి. మరి "మీవాళ్లు" అని ఎందుకన్నాడు?

ఆ రాత్రే 2015ని మళ్లీ మొదటి నుంచి చదివాను. ఈసారి కాఠ్మాండూ వైపు నుంచి.

ఏప్రిల్ 25న భూకంపం, దాదాపు 9,000 మంది చనిపోయారు. ఆ గాయం ఆరకముందే సెప్టెంబర్ 20న కొత్త రాజ్యాంగం ప్రకటించారు. అందులో తమకి అన్యాయం జరిగిందని తరాయి మైదానాల మధేశీలు రోడ్డెక్కారు. వాళ్లకి బిహార్, ఉత్తరప్రదేశ్‌లతో రోటీ-బేటీ బంధం అంటారు, మన మాటలో కంచం పొత్తు, మంచం పొత్తు. రక్సౌల్, బీర్‌గంజ్ మధ్య మైత్రీ వంతెన మీద బైఠాయించారు. లారీలు ఆగాయి. అవతల ఆందోళనలుంటే డ్రైవర్లు వెళ్లట్లేదు, మేమేం ఆపలేదని ఢిల్లీ. ఇది చెప్పకుండా చేసిన దిగ్బంధమని కాఠ్మాండూ. నాలుగు నెలలకు పైగా సాగింది. గ్యాస్ సిలిండర్లు సగం నింపి పంచారు. చైనా 1,000 టన్నుల పెట్రోలు ఉచితంగా పంపింది. అవసరంతో పోలిస్తే అది చారులో పోపుగింజంత. వాళ్లకి 1989 కూడా గుర్తే. చైనా నుంచి ఆయుధాలు కొన్నారన్న కోపం, వాణిజ్య ఒప్పందాల గడువు ముగియడం, రెండూ కలిసి అప్పుడు మన ప్రభుత్వం రెండు తప్ప సరిహద్దు దారులన్నీ మూసేసింది.

నేపాల్‌లో కొండ ప్రాంతపు జాతీయవాదం పెరిగిందే "మేం ఇండియా కాదు" అనే మాట మీద. 2000 డిసెంబరులో ఒక హిందీ హీరో నేపాలీలంటే ఇష్టం లేదన్నాడని పుకారు పుడితే కాఠ్మాండూలో అల్లర్లు జరిగి మనుషులు చనిపోయారు. ఆయన ఆ మాట అననే లేదు. అలాంటి చోట సిలిండర్ ఆగితే జనం ధర లెక్క చూడరు, అవమానం లెక్క చూస్తారు. ఓలి ఆ లెక్కే పట్టుకున్నారు. 2016 మార్చిలో బీజింగ్ వెళ్లి రవాణా ఒప్పందం చేసుకొచ్చారు. 2017 ఎన్నికల్లో ఆయన పార్టీ, మావోయిస్టుల కూటమి మూడింట రెండు వంతులకి దగ్గరగా సీట్లు గెలిచింది.

ఇక్కడ ఆగిపోతే మళ్లీ ఒంటికన్ను ఆన్సరే. చైనా రేవులకి దారి దొరికింది సరే, దగ్గర్లో ఉన్నదీ 2,600 కిలోమీటర్ల పైనే, మధ్యలో హిమాలయాలు. అందుకే అదే ఓలి 2019 సెప్టెంబర్‌లో మోదీతో కలిసి బిహార్‌లోని మోతిహారి నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్‌కి పెట్రోలియం పైప్‌లైన్ ప్రారంభించారు. దాని పొడవు 69 కిలోమీటర్లు. తొమ్మిది నెలలు తిరగకుండా అదే ఓలి, మనం మనవనే లింపియాధురా, కాలాపానీ, లిపులేఖ్‌లను నేపాల్‌లో చూపించే మ్యాప్‌ని పార్లమెంటులో పెట్టారు. 2020 జూన్‌లో దిగువ సభలో వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. మధేశీ పార్టీలు కూడా అనుకూలంగానే వేశాయి. ఆ రోజుల్లోనూ పైపులో డీజిల్ ఆగలేదు.

ఒకే మనిషి, ఒకే ఏడాది లోపు. నాకు బుర్రలో లైటు వెలిగింది ఇక్కడే. జాతి గుర్తింపా, డబ్బా అని తూకం వేస్తూ కూర్చున్నాను ఇన్నాళ్లూ. ప్రయోజనం ఏమిటో తేల్చేదే ఆ గుర్తింపు. ఇండియా మీద ఆధారపడటమే ప్రమాదం అని ఒక దేశం నమ్మాక, ఖరీదైన రెండో దారి కూడా దానికి లాభంగానే కనిపిస్తుంది. కాకపోతే పొయ్యి రోజూ వెలగాలి, మ్యాప్ రోజూ గీయరు. ఓటు రోజున గుర్తింపు మాట్లాడుతుంది, మిగతా రోజుల్లో పైపు మాట్లాడుతుంది. మన వైపూ అంతే. నేపాల్ కరెంటు కొంటాం, 2024 జనవరిలో పదేళ్లలో 10,000 మెగావాట్లకి ఒప్పందం కూడా చేసుకున్నాం. చైనా పెట్టుబడి ఉన్న ప్రాజెక్టుల కరెంటు మాత్రం కొనం. అది పూర్తిగా డబ్బు లెక్కేనా?

విచిత్రం ఏంటంటే, గుర్తింపే ప్రయోజనాన్ని తేలుస్తుందన్న సిద్ధాంతకర్త అలెగ్జాండర్ వెండ్ట్ నాకు కొత్తేం కాదు. బ్రిటన్ దగ్గరున్న 500 అణ్వాయుధాల కన్నా ఉత్తర కొరియా దగ్గరుండే 5 అమెరికాని ఎక్కువ భయపెడతాయన్న ఆయన ఉదాహరణ నా నోట్సులో పసుపు హైలైటర్‌తో మెరుస్తూనే ఉండేది. సెక్షన్ ఏలో రాసేదాన్ని, సెక్షన్ బీలో దక్షిణాసియా రాగానే మర్చిపోయేదాన్ని. మీలో సగం మందిది ఇదే జబ్బు, కాదనకండి.

తర్వాత చేసిందల్లా, ప్రతి దేశానికీ ఒక పేజీ అవతలి వాళ్ల కళ్లతో రాయడం. నాలుగో అటెంప్టులో నేపాల్ ప్రశ్న రానే లేదు. నేను వాడుకున్నది జపాన్, దక్షిణ కొరియా పేజీ. వలస పాలనలో బలవంతపు చాకిరీ చేయించుకున్నందుకు పరిహారం కట్టాలని 2018 అక్టోబర్‌లో కొరియా సుప్రీంకోర్టు జపాన్ కంపెనీని ఆదేశించింది. 2019 జులైలో జపాన్ చిప్‌ల తయారీకి కావాల్సిన మూడు రసాయనాల ఎగుమతిని బిగించింది. కొరియన్లు జపాన్ బీరు, జపాన్ ప్రయాణాలు మానేశారు. ఇద్దరికీ నష్టమే, అయినా పట్టింపు సడలడానికి 2023 వచ్చింది. ఎథిక్స్, ఎస్సే మామూలే, వాటి మీద చెప్పేంత మార్కులు నాకు రాలేదు.

ఇంకో మాట. నేను ఉద్యోగం మానేసి నాలుగేళ్లు నాన్న డబ్బులతో చదివానని కొందరు అంటున్నారు. నిజమే. మా కాలేజీ బ్యాచ్‌లో అందరూ ఇల్లు కొనేశారు, నాకు ఇప్పటికీ స్కూటీ లేదు. కానీ చిక్కడపల్లి లైబ్రరీ గేటు ముందు పొద్దున్నే లైన్లో నిలబడ్డది నేను, పెళ్లిచూపులకి సెలవు పెట్టనన్నది నేను. మీరు ఒక గంట చదివి మూడు గంటలు టాపర్ల ఇంటర్వ్యూలు చూస్తారు. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లండి, నేను పెట్టాను. సరే, వారానికి రెండు రోజులు పెట్టలేదు, ఒప్పుకుంటాను.

ఇంటర్వ్యూకి విశాఖ, నేపాల్ సంగతి ఎంత పదును పెట్టుకుని వెళ్లానో చెప్పలేను. బోర్డు అరకు కాఫీ గురించి అడిగింది, స్టీల్ ప్లాంట్ గురించి అడిగింది, బీటెక్ చదివి ఈ ఆప్షనల్ ఎందుకని అడిగింది. పోర్టు ఊసే ఎత్తలేదు. బయటికొచ్చి నాన్నకి చెప్తే "పోనీలే, నన్నడిగితే నేను చెప్తాను" అన్నారు.

దేశాల పేజీలు స్కాన్ చేస్తున్నాను, అడిగినవాళ్లందరికీ పంపిస్తాను. నా దస్తూరీ భరించాలి. నేపాల్ పేజీ మీద చారు మరక ఉంది. దాని కింద కనపడని అంకె 69.