సెన్షూ వంగతోటల్లో

ఒసాకాకు దక్షిణంగా సముద్రం ఒడ్డున సెన్షూ అనే ప్రాంతం ఉంది. కన్సాయ్ విమానాశ్రయంలో దిగి నాంకాయ్ రైలెక్కితే ఇజుమిసానో, కైజుకా, కిషివాడా ఊళ్ళ మీదుగానే ఒసాకా చేరతాం. జపాన్ చూడ్డానికి వచ్చినవాళ్ళు ఈ స్టేషన్లలో పెద్దగా దిగరు. నేను మాత్రం కిషివాడాలో దిగాను, వంకాయల కోసం. ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా పిన్ని కొడుకు దుబాసీగా తోడొచ్చాడు.

ఇక్కడి రకం పేరు మిజునాసు. పొట్టిగా, బొద్దుగా, నిగనిగలాడే ఊదారంగులో ఉంటుంది. తోటలోకి వెళ్ళగానే రైతు భార్య ఒక కాయ కోసి, ముచ్చిక దగ్గర గోటితో చీల్చి, చేత్తోనే రెండు పాయలు చేసి ఇచ్చింది. మనకు పచ్చి వంకాయంటే కనరు, గొంతులో గరగర. ఇది కొరికితే ముంజేతి దాకా నీళ్ళు కారాయి. కొంచెం తియ్యగా కూడా ఉంది. ఇంకో కాయ అడిగి తిన్నాను.

అంత నీరున్న కాయకు తోలు చాలా పల్చన. గాలికి ఆకు రాసుకున్నా గీత పడుతుంది, గీత పడితే ధర పోతుంది. అందుకే మడి చుట్టూ వల కట్టి, కాయల మీద పడే ఆకులను ఎప్పటికప్పుడు తుంచేస్తారు. ఒక్కో మొక్కకు మూడు నాలుగు కొమ్మలే ఉంచి తాళ్ళతో పైకి కడతారు. నీటికి మాత్రం లోటు రానివ్వరు. చెరువులకు పేరున్న ప్రాంతమిది. కిషివాడాలోని కుమేదా చెరువును 8వ శతాబ్దంలో గ్యోకి అనే బౌద్ధ భిక్షువు తవ్వించాడని చెబుతారు.

మొదలు దగ్గర అంటు కట్టిన గుర్తు చూసి ఆగిపోయాను. జపాన్‌లో వంగను ఎక్కువగా అంటు కట్టే పెంచుతారు. అందుకు వాడే వేరు మొక్కల్లో ముఖ్యమైనది మన ఉస్తి మొక్కే! చిత్తూరు వైపు పులుసులో వేసుకునే ఉస్తికాయల మొక్క. దాని వేళ్ళు ఎండు తెగులును, నులిపురుగులను బాగా తట్టుకుంటాయి. మన దగ్గరా నర్సరీల్లో వంగ అంటు మొక్కలు దొరుకుతున్నాయి. ఒకే మడిలో ఏటా వంగ వేసి మొక్కలు వాడిపోతున్నాయని బాధపడే రైతులు వీటిని తప్పకుండా చూడాలి.

మధ్యాహ్నం అన్నంలోకి తవుడులో ఊరిన వంకాయ పెట్టారు. బియ్యం తవుడు, ఉప్పు, నీళ్ళు కలిపి పులియబెట్టిన ముద్దలో కాయను పాతిపెట్టి తీస్తారు. ఆ ముద్దను రోజూ చేత్తో అడుగు నుంచి కలపాలి, లేకపోతే పాడవుతుంది. కాయ రంగు పోకుండా పటిక రుద్దుతారు, లేదా తవుడులో ఇనుప మేకు వేస్తారు. లోహం తోడైతే ఆ ఊదారంగు నిలబడుతుంది. ఆ రంగు పదార్థం నాసునిన్. దాని మీద మొదట పరిశోధన చేసినవారిలో కురోదా చికా ఉన్నారు. 1913లో జపాన్‌లో తొలిసారిగా విశ్వవిద్యాలయంలో చేరిన ముగ్గురు మహిళల్లో ఆమె ఒకరు. పచ్చడి జాడీ పక్కన ఆమె గురించి మాట్లాడుకోవడం నాకెంతో నచ్చింది.

కోసేసిన ముచ్చికలను రైతు భార్య పారేయలేదు, చేటలో ఎండబెట్టింది. బాగా ఎండాక మూత బిగించిన మట్టికుండలో బొగ్గయ్యేదాకా కాల్చి, పొడి కొట్టి, ఉప్పు కలుపుతారు. చిగుళ్ళు వాచినా, పన్ను సలిపినా ఆ నల్లపొడితో రుద్దుకోవడం పాత అలవాటు. మా అమ్మమ్మ కాలంలో బొగ్గూ ఉప్పుతో పళ్ళు తోముకోవడమే గుర్తొచ్చింది. నేనూ వేలికి అద్దుకుని రుద్దాను, ఉప్పగా, పొగ వాసనతో ఉంది. నొప్పి పుట్టిన పన్నుకు డాక్టరే దిక్కని నా నమ్మకం. ఆవిడ కూడా డాక్టరు దగ్గరికి వెళ్తుంది, పొడీ వాడుతుంది.

మన ఇళ్ళలో పుండు పడితే వంకాయ మానిపిస్తాం, దురద పెరుగుతుందని. అక్కడ వంకాయ ఒంటికి చలువ చేస్తుందని వేసవిలో కావాలనే తింటారు.

తర్వాత క్యోటో వెళ్ళాం. కామో నది ఎగువన కామిగామో వైపు పండే కామోనాసు గుండ్రంగా, బరువుగా ఉంటుంది. లావు చక్రాలుగా కోసి నూనెలో మగ్గించి తియ్యటి మిసో, అంటే పులియబెట్టిన సోయా ముద్ద, పూస్తారు. గుత్తి వంకాయ తిని పెరిగిన నాకు ఆ తీపి కాస్త ఎక్కువే అనిపించింది, కండ మాత్రం వెన్నే.

మేము దిగిన ఇంటి పెరట్లో మామూలు వంగమొక్కలు నాలుగు ఉన్నాయి. జులై చివర కదా, ఇంటి పెద్దావిడ బాగా కాస్తున్న కొమ్మలను సగానికి నరికేసి, మొదలుకు కొంచెం ఎడంగా పారతో వేళ్ళను కూడా తెంపి ఎరువు వేస్తోంది. నెల రోజులకు కొత్త చిగుళ్ళతో మళ్ళీ కాపు వస్తుందట. ఆ కాపు మీదే సామెత ఉంది: శరత్కాలపు వంకాయ కోడలికి పెట్టకు. అంత రుచిగల కాయను అత్త తనకే దాచుకుంటుందని కొందరు, చలువ చేసి కోడలికి పడదనే ప్రేమతో అని మరికొందరు అంటారు. మీరేమంటారని ఆవిడను అడిగించాను. రెండోదే నిజమంది. తన కోడలికి మాత్రం నిప్పుల మీద కాల్చి, తోలు తీసి, పైన అల్లం తురిమి పెడుతుందట, చలువకు విరుగుడుగా.