నాలుగోసారీ అంతా నీలమే: మేక పెద్దపేగులో నాడీసంధుల వేట

ఈ ఆదివారమూ అదే గతి. మైనం పళ్ళెంలో పరిచి, నాడులు కనిపించాలని రంగు వేసిన మేక పేగు ముక్క ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే నీలం! నాకు కావలసింది అది కాదు. పేగు గోడలో చుట్టూ తిరిగే వలయ కండరాలకూ పొడవునా సాగే ఆయత కండరాలకూ నడుమ నాడీకణాలు గుంపులు (నాడీసంధులు) కట్టి, ఆ గుంపుల్ని సన్నని దారాలు కలుపుతూ, చేపల వల పరిచినట్టుండే అల్లిక కావాలి. 1860ల్లో జర్మన్ శాస్త్రవేత్త అవర్బాక్ వర్ణించింది దాన్నే.

పేగు లోపలి పొర కింద, అధఃశ్లేష్మస్తరంలో ఉండే మరో నాడీవల, మైస్నర్ వల, రెండో ప్రయత్నంలోనే దొరికింది. బాధంతా ఈ అవర్బాక్ వలతోనే.

ఉదయం 6:10కి విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర పేగు తీసుకున్నాను. సెలైన్‌లో వేసి ఎంవీపీ కాలనీకి తెచ్చి, కడిగి, సాగదీసి సూదులు గుచ్చేసరికి 7:25. లోపలి పొర, శ్లేష్మస్తరం, తేలిగ్గానే వచ్చింది. వలయ కండరాలనే పోగు పోగుగా లాగాలి. 2 సెంటీమీటర్ల ముక్కకు 50 నిమిషాలు పట్టింది. ఒకచోట చెయ్యి కాస్త బిగిసేసరికి నాడుల పొర కూడా ఊడి వచ్చింది. తరువాత 0.02 శాతం మిథిలీన్ బ్లూ రంగు, 37 డిగ్రీలు, 30 నిమిషాలు. పోయినసారి 0.05 శాతం, 20 నిమిషాలు. తేడా ఏమీ లేదు. సూక్ష్మదర్శినిలో 10 రెట్ల ఆబ్జెక్టివ్ కింద ఒకే ఒక్క మూల ముదురు మచ్చ, దాని నుంచి బయలుదేరిన రెండు గీతలు కనిపించాయి. గుండె ఆగినంత పనైంది. ఫోటో తీసేలోపే చుట్టూ నీలం కమ్మేసింది.

నా అనుమానం ఆలస్యం మీదే. ఈ రంగు బతికున్న నాడీకణాలను ఏరి పట్టుకుంటుంది. కణాలు చచ్చాక కండరమనీ నాడి అనీ చూడదు. పైగా ఆక్సిజన్ అందాలి. కదలని ద్రావణంలో అది ఎంతసేపు ఉంటుంది? చేపల తొట్టెల కోసం అమ్మే మిథిలీన్ బ్లూ మీద కూడా నమ్మకం పోయింది. పొడి కొని కలుపుకోవడమే మేలు.

వచ్చే ఆదివారం ముందుగా ఫిషింగ్ హార్బర్‌లో ఐసు తీసుకుని, గ్లూకోజు కలిపిన చల్లని సెలైన్‌తో వెళ్తాను. పేగును దుకాణం దగ్గరే కోసి కడుగుతాను. రంగు 0.005 శాతానికి దించి, గాలి పంపు పెడతాను. వల చిక్కితే రంగు చెదరకుండా వెంటనే అమ్మోనియం మాలిబ్డేట్‌తో నిలబెట్టాలి.

ఆ తరువాత పెద్దపేగు మొదలూ చివరా పక్కపక్కన పెట్టి గుంపుల మధ్య ఎడం కొలవాలని ఉంది. కొందరు పసిపిల్లలకు పుట్టుకతోనే పేగు చివర ఈ గుంపులు ఉండవు. అక్కడ పేగు సడలదు, మలం ముందుకు జరగదు. హిర్ష్‌స్ప్రుంగ్ వ్యాధి గురించి ఆ సంగతి చదివిన రోజు నుంచే ఈ వలను కళ్ళారా చూడాలన్న పట్టుదల. ఈసారి 5:30కే బయలుదేరుతాను.