ఎథిక్స్ కమిటీ దాటిన నా పీహెచ్‌డీ

గుంటూరు జిల్లా పల్లెల్లో ఆడవాళ్లకు పెళ్లికి ముందు లైంగిక విషయాలు ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, ఏం దాచారు అన్నది నా పరిశోధన. మా జెండర్ స్టడీస్ విభాగం ఒప్పుకున్నా, ఎథిక్స్ కమిటీ అనుమతి రానిదే ఒక్క ఇంటర్వ్యూ కూడా చేయకూడదు. కమిటీలో డాక్టరు, లాయరు, ప్రొఫెసర్లతో పాటు చదువుల రంగంతో సంబంధం లేని ఒక సామాన్యురాలు కూడా ఉన్నారు.

మొదటి ప్రశ్న ఒక పెద్ద ప్రొఫెసర్‌గారిది. "లైంగికతను చదవడానికి విడిగా ఓ డిగ్రీ ఎందుకమ్మా? మెడిసిన్‌లో ఉంది, సైకాలజీలో ఉంది. రెండు గెస్ట్ లెక్చర్లు పెడితే చాలదా?"

మెడిసిన్‌లో ఏముందో చెప్పాను. నేషనల్ మెడికల్ కమిషన్ 2024 ఆగస్టు చివర్లో ఇచ్చిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో స్వలింగ సంబంధాలు మళ్లీ అసహజ నేరాల పట్టికలోకి వచ్చాయి. కన్నెపొర గురించిన పాఠమూ తిరిగొచ్చింది. అప్పటికి సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌పై తీర్పిచ్చి, స్వలింగ సంబంధాలు నేరం కాదని చెప్పి ఆరేళ్లవుతోంది. గొడవయ్యాక సెప్టెంబరులో వెనక్కి తీసుకున్నారు. ఈ విషయాన్ని చరిత్రతో, చట్టంతో కలిపి ఏళ్ల తరబడి చదివినవాళ్లు ఆ బల్ల దగ్గర కూర్చుని ఉంటే అది అచ్చయ్యేదే కాదని నా గట్టి నమ్మకం. ఇది పడమటి ఫ్యాషన్ అన్నారు ఇంకొకరు. సంఘ సంస్కర్త ఆర్.డి. కర్వే బొంబాయిలో 1927లోనే లైంగిక విద్య కోసం మరాఠీ మాసపత్రిక పెట్టి, కోర్టు కేసులు ఎదుర్కొంటూ 1953లో చనిపోయేదాకా నడిపారని చెప్పాను.

అసలు టెన్షన్ లాయర్‌గారితో వచ్చింది. "పదహారేళ్లకే పెళ్లయిందని ఒకామె చెబితే ఏం చేస్తావు?" పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో 19వ సెక్షన్ ప్రకారం నేరం తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పాలి. భార్య అయినా సరే, 18 నిండకపోతే ఆమెతో శారీరక సంబంధం అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. చెబితే నన్ను నమ్మి నోరు విప్పిన మనిషి కాపురం మీదికి పోలీసులు వస్తారు. చెప్పకపోతే చట్టం తప్పినట్టు. మా గైడ్ మేడమ్, నేను కూర్చుని ఒక దారి వెతికాం. పోక్సో అమల్లోకి వచ్చింది 2012 నవంబరు 14న. ఆ రోజుకే 18 నిండినవాళ్లతోనే మాట్లాడతానని రాసిచ్చాను. దాంతో ఇప్పటి కొత్త కోడళ్ల మాటలు నా థీసిస్‌లో ఉండవు. ఆ లోటు నన్ను ఇంకా బాధిస్తూనే ఉంది.

సమ్మతి పత్రం దగ్గర సామాన్యురాలైన ఆ సభ్యురాలే పెద్ద సాయం చేశారు. "ఎప్పుడైనా ఆపేయమనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు" అన్న వాక్యాన్ని వేలితో చూపించి, "దీన్ని అన్నిటికంటే పైన పెట్టమ్మా. సంతకం అనేసరికి మావాళ్లకి భయం, ఇక కింద ఏముందో చూడరు" అన్నారు. సంతకం బదులు సాక్షి ముందు నోటిమాటగా ఒప్పుకుంటే చాలని కమిటీ సరేనంది. పక్క గదిలో అత్తగారుంటే ఎవరూ మాట్లాడరు కాబట్టి ఇంటర్వ్యూలు పిల్లలు వెళ్లిపోయాక అంగన్‌వాడీలో చేయమన్నారు.

అనుమతి వచ్చింది. కానీ ఈ చట్టం, ఈ వైద్యం, మాట రాబట్టే ఈ పద్ధతి అన్నీ నేను తలో విభాగం గుమ్మం ఎక్కి నేర్చుకోవాల్సి వచ్చింది. అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో విమెన్ స్టడీస్ పేపరుంది, సెక్సువాలిటీకి విడిగా ఏదీ లేదు. లా, మెడిసిన్, సోషియాలజీ అధ్యాపకులు ఒకే క్లాసులో చెప్పే ఎంఏ కావాలని మా విభాగానికి ప్రతిపాదన రాస్తున్నాను. అందులో ఫీల్డ్‌వర్క్ ఎథిక్స్‌ను తప్పనిసరి పేపరుగా పెట్టమని అడుగుతున్నాను.