పోయొస్త

మా దేవరకొండ వైపు ఇంటి నుంచి బయలుదేరే మనిషి "పోతున్న" అని ఊరుకుంటే పెద్దలు ఒప్పుకోరు. "పోయొస్త అనాలె బిడ్డా" అని అక్కడికక్కడే దిద్దుతారు. పోవడం అనే మాటకు మరణమనే అర్థం కూడా ఉన్నది కాబట్టి, దాని వెంటనే రావడాన్ని జోడిస్తేనే వారి మనసు కుదుటపడుతుంది. పాలమూరు నుంచి ముంబైకి, పుణెకు వలస వెళ్ళిన కుటుంబాలకు ఈ జోడింపు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

నేను చదువుకు బయలుదేరిన రోజున మా నాయనమ్మ బస్సు కిటికీ ఊచను పట్టుకొని, కండక్టర్ రైట్ అనేదాకా "పైలం బిడ్డా, పైలం" అని మాత్రమే అన్నది. పైలం అంటే జాగ్రత్త; ఆ రెండో పైలంలో ఆమె చెప్పలేకపోయినవన్నీ ఉన్నాయని నేను నమ్ముతాను.

"సెలవు" అనే మాటకు అనుమతి అనే అర్థం ఉన్నందున, సెలవు తీసుకోవడమంటే ఎదుటివారి అంగీకారంతో కదలడం. వీడుకొను నుంచి వచ్చిన "వీడ్కోలు" సభలకు నిండుగా ఉంటుంది గాని, గడప దగ్గర దానిని ఎవరూ పలకగా నేను వినలేదు. సద్దుల నాడు బతుకమ్మను చెరువులో విడిచేటప్పుడు కూడా మా ఆడపడుచులు పోయి రమ్మనే అంటారు.