పెట్రోల్ బండికి సీఎన్‌జీ బండి స్ప్రింగులు: తిరుపతిలో నా అనుభవం

పని నిన్ననే పూర్తయింది. ఆ స్పేర్ పార్ట్స్ కౌంటర్ దగ్గర మండిన ఒళ్లు మాత్రం ఇంకా చల్లారలేదు.

నాది పెట్రోల్ వ్యాగన్ఆర్. బయట సీఎన్‌జీ కిట్ వేయించి, ఆర్‌సీలో ఎక్కించుకున్నా. డిక్కీలోని సిలిండర్ ఖాళీదే ఒక మనిషంత బరువుంటుంది. ఇంటిల్లిపాదీ ఎక్కితే బండి వెనక కూర్చుండిపోయేది. అలిపిరి దాటి కొండెక్కుతుంటే గతుకు తగిలిన ప్రతిసారీ కింద దబ్బుమనేది. రాత్రిళ్లు చంద్రగిరి రోడ్డులో హెడ్‌లైట్లు పైకి కొట్టి, ఎదురొచ్చేవాళ్ల చేత తిట్లు.

చాలామంది షాకర్లు (షాక్ అబ్జార్బర్లు) మారిస్తే బండి లేస్తుందనుకుంటారు. బరువు మోసేది స్ప్రింగ్. షాకర్‌లో ఉన్న ఆయిల్ సన్నటి రంధ్రాల్లోంచి దూరి పోవాలి కాబట్టి ఊపు ఆగుతుంది, అంతే దాని పని. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చే బండికి ఆ బరువుకు తగ్గట్టు సస్పెన్షన్ సెట్ చేసి ఇస్తారు. అందుకే వెనక స్ప్రింగులూ షాకర్లూ రెండూ ఆ వేరియంట్‌వే కావాలన్నా.

కౌంటర్‌లో ఆయన నా చాసిస్ నంబర్ కొట్టి, స్క్రీన్ చూసి, నన్ను చూశాడు.

"ఏం సామీ, ఇది పెట్రోల్ బండి కదా?"

కిట్ సంగతి, బరువు సంగతి చెప్పాను. సగంలోనే ఆపేశాడు.

"ఏం పని చేస్తావు సామీ?"

"టీచర్ని."

"పిల్లకాయలకి కూడా ఇట్లే చెప్తావా? సీఎన్‌జీ స్ప్రింగ్ కావాలంటే సీఎన్‌జీ బండి కొనుక్కో."

చుట్టూ ఉన్న మెకానిక్కులు, ఆటోవాళ్లు గొల్లున నవ్వారు. అందులో ఒకడు నా దగ్గర చదువుకున్నవాడే! పైగా కౌంటర్ ఆయన ఒక రబ్బరు బఫర్ నా ముందుకు విసిరి, "ఇది స్ప్రింగ్ మధ్యలో దూర్చు, చాలు" అన్నాడు. స్ప్రింగ్ చుట్ల మధ్య రబ్బరు ఇరికిస్తే ఆ చుట్లు కదలవు, భారమంతా మిగతా వాటి మీద పడుతుంది. ఆ మాట అన్నాను. ఎవరూ వినలేదు. స్క్రీన్ మీద కనిపించేది చదవడం కూడా ఒక విద్యే అనుకునేవాళ్లకి ఏం చెప్తాం?

మా వీధిలో క్యాబ్ తిప్పే తమ్ముడిది కంపెనీ సీఎన్‌జీ వ్యాగన్ఆర్. వాడి చాసిస్ నంబర్ తీసుకుని మళ్లీ అదే కౌంటర్‌కి పోయా. ఆయన తల కూడా ఎత్తలేదు, సరుకు తెచ్చి పెట్టాడు. బిల్లు కట్టేటప్పుడు "పెట్రోల్ బండికే వేస్తున్నా సామీ" అని గట్టిగా చెప్పి మరీ వచ్చా. మీరూ ఇలాగే చేయండి, వాళ్లతో వాదించొద్దు.

బిగించడం సులువే. వెనక షాకర్ కింది బోల్టు విప్పి, వెనక చక్రాల మధ్య అడ్డంగా ఉండే బీమ్ దించితే స్ప్రింగ్ చేతికొస్తుంది. బ్రేక్ పైపు మీద బరువు పడకుండా చూసుకోవాలి. పాతదీ కొత్తదీ పక్కపక్కన నిలబెడితే కొత్తది వేలెడు ఎక్కువ ఎత్తుంది. మా రేణిగుంట రోడ్డు మెకానిక్ భాయ్ ఆ కింది బోల్టుని బండి నేల మీదికి దించాకే పూర్తిగా బిగించాడు. గాల్లో బిగిస్తే ఆ బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది. మీ మెకానిక్ తొందరపడితే ఆపండి.

వెనక లేచేసరికి హెడ్‌లైట్ల వెలుగు ఇప్పుడు మరీ కిందికి పడింది, గోడ ముందు నిలిపి మళ్లీ సెట్ చేయించా. నేనొక్కణ్ణే స్కూలుకి పోయేటప్పుడు వెనక కాస్త గంతులేస్తోంది. పాత స్ప్రింగులు అటక మీద పెట్టా, కిట్ తీసేసి బండి అమ్మితే అవే మళ్లీ ఎక్కించాలి.